వానకు లొంగిన కోట: ఓరుగల్లు మట్టి ప్రాకారం ఎటు పోయింది?

వరంగల్ పట్టణం నుంచి ఖిలా వరంగల్‌కు వెళ్లేవారు కీర్తితోరణాలను చేరేలోపు రెండు ప్రాకారాలను దాటుతారు. రాతికోట దర్వాజా దగ్గర అందరూ ఆగుతారు, ఫోటోలు తీసుకుంటారు. అంతకుముందే దారి ఒక పొడవాటి మట్టిదిబ్బను చీల్చుకుని వస్తుంది. వేప, తుమ్మ, సీతాఫలం చెట్లు మొలిచిన ఆ దిబ్బ ఏదో పాత చెరువు కట్టలా కనిపిస్తుంది కాబట్టి దాన్ని కోటగోడగా గుర్తించేవారు తక్కువ. 1310లో ఢిల్లీ సేనను దాదాపు నెల రోజులు ఊరి బయట నిలబెట్టింది మాత్రం ఆ దిబ్బే.

ఓరుగల్లు కోటను ఒకదాని చుట్టూ ఒకటిగా గీసిన మూడు వలయాలుగా ఊహించుకోవాలి. లోపలిది రాతికోట, దాని వ్యాసం సుమారు 1.2 కిలోమీటర్లు. దాని చుట్టూ మట్టికోట. వ్యాసం సుమారు 2.4 కిలోమీటర్లు. ఈ రెంటికీ దూరంగా, నేటి వరంగల్ నగరంలో చాలా భాగాన్ని తనలో ఇముడ్చుకుంటూ, సుమారు 12.5 కిలోమీటర్ల వ్యాసంతో మరో మట్టికట్ట ఉండేది. వ్యాసాన్ని చుట్టుకొలతగా మార్చుకుంటే అసలు సంగతి తెలుస్తుంది: రాతిగోడ పొడవు నాలుగు కిలోమీటర్లకు లోపే, నడిమి మట్టిగోడ ఏడున్నర, వెలుపలి కట్ట దాదాపు ముప్పై తొమ్మిది. అంటే కాకతీయులు రాజధాని చుట్టూ లేపిన గోడల్లో తొంభై శాతానికి పైగా మట్టిదే. రాతికోటను గణపతిదేవుడు (1199–1262) కట్టించాడనీ, దాని ఎత్తు పెంచి మట్టికోటనూ కందకాన్నీ చేర్చింది రుద్రమదేవి (1262–1289) అనీ చరిత్రకారులు చెబుతారు. సున్నం లేకుండా రాయిమీద రాయి పేర్చిన ఆ చిన్న వలయం దాదాపు పూర్తిగా నిలిచింది. నడిమి మట్టికోట కుంగి, గండ్లు పడి, చాలాచోట్ల ఆనవాలు పట్టేటంతగా మిగిలింది. వెలుపలి వలయం మాత్రం అక్కడక్కడా ముక్కలుగా తప్ప కంటికి కనిపించదు.

మట్టిగోడ అనగానే పేదవాడి గోడ అనుకోవడం ఇప్పటి అలవాటు. 1310 జనవరిలో ఢిల్లీ సుల్తాను సేనాపతి మలిక్ కాఫూర్ నడిపిన ముట్టడిని వర్ణించిన అమీర్ ఖుస్రో అలా అనుకోలేదు. ఆ గోడ మట్టిదే అయినా ఉక్కు బల్లెం కూడా అందులో దిగదనీ, మంజనీకు అనే రాళ్లు విసిరే యంత్రం నుంచి వచ్చిన రాతిగుండు పిల్లలు ఆడుకునే కాయలాగా తగిలి వెనక్కి ఎగురుతుందనీ ఆయన రాశాడు. కోట చుట్టూ సైన్యం వేసిన గుడారాల వలయం పొడవు 12,546 గజాలని లెక్క కూడా చెప్పాడు. గెలిచిన పక్షపు ఆస్థాన కవి ఓడిన పక్షపు గోడను పొగడడంలో గెలుపును పెద్దది చేసి చూపించే ఉద్దేశం ఉండి ఉంటుంది. అయినా అందులోని భౌతిక సత్యం కొట్టిపారేయదగింది కాదు. రాతిగోడకు దెబ్బ తగిలితే అదురు అతుకులదాకా పాకుతుంది; ఒక రాయి కదిలితే దానిమీది రాళ్లు కూడా వదులవుతాయి. దిమ్మిసతో పొరలు పొరలుగా అదిమిన మందపాటి మట్టికట్టకు అతుకులే లేవు. గుండు తగిలినచోట గుంట పడుతుంది, దెబ్బ అక్కడికక్కడే మట్టిలో ఇంకిపోతుంది, రాత్రికి రాత్రి నాలుగు తట్టల మట్టి పోసి ఆ గుంటను పూడ్చుకోవచ్చు. ఐదు వందల ఏళ్ల తర్వాత, ఫిరంగుల కాలంలో కూడా ఈ సూత్రం పనిచేసింది. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ మట్టికోట మీద 1805లో ఇంగ్లీషు సేనాపతి లేక్ పలుమార్లు దాడి చేసి ఒక్కసారి కూడా లోపలికి అడుగు పెట్టలేకపోయాడు.

ఓరుగల్లు మట్టికోట ఆ ఫిబ్రవరిలో పడిపోయింది. ఢిల్లీ సేన కందకాన్ని పూడ్చి, నిచ్చెనలు వేసి, ఎక్కి దాటింది. ప్రతాపరుద్రుడు రాతికోటలోకి తగ్గి, చివరికి సంధి చేసుకున్నాడు. గోడ అప్పటికీ గోడగానే ఉంది. 1323లో ఢిల్లీ యువరాజు ఉలుగ్ ఖాన్ కోటను పట్టుకుని, ఊరిపేరు సుల్తాన్‌పూర్‌గా మార్చి, స్వయంభూ శివాలయాన్ని కూల్చివేసిన నాటికీ ఉంది. కాబట్టి మట్టికోట యుద్ధంలో పోయిందన్న మాట నిలవదు.

అది ఎలా పోయిందో అర్థం కావాలంటే ఎలా వచ్చిందో ముందు చూడాలి. మట్టికోట బయట సుమారు 46 మీటర్ల వెడల్పున కందకం ఉండేది. ఏడున్నర కిలోమీటర్ల పొడవున అంత వెడల్పు తవ్వితే ఒక్కొక్క మీటరు లోతుకు దాదాపు మూడున్నర లక్షల ఘనపు మీటర్ల మట్టి లేస్తుంది. ఇవాళ్టి ట్రాక్టర్ ట్రాలీలో మూడు ఘనపు మీటర్లు పడుతుందనుకున్నా లక్షకు పైగా ట్రాలీలన్నమాట, అదీ ఒక మీటరు లోతుకే. ఆ మట్టిని దూరం మోసుకుపోయే అవసరం లేదు. తవ్వినదాన్ని పక్కనే పోస్తే కందకం లోతవుతున్న కొద్దీ గోడ ఎత్తవుతుంది. గడ్డపార, పార, తట్ట, దిమ్మిస, నీళ్లు చల్లడం, పశువులతో తొక్కించడం: ఈ పని తెలిసినవారు ఈ నేలమీద ఎప్పుడూ ఉన్నారు, ఎందుకంటే ఇది చెరువు కట్ట వేసే పనే. పాకాల, రామప్ప, లక్నవరం చెరువుల కట్టలు వేసిన కాలమూ ఓరుగల్లు మట్టికోట లేచిన కాలమూ ఇంచుమించు ఒక్కటే. నీళ్లను లోపల ఆపితే చెరువు, శత్రువును బయట ఆపితే కోట. చేతిపని మాత్రం ఒకటే.

ఆ పనికే చెందిన మరో సంగతి ఇక్కడ కీలకం. మట్టికట్ట ఒకసారి కట్టి వదిలేసే వస్తువు కాదు. వరంగల్ ప్రాంతంలో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడుతుంది, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే. పెద్ద చినుకు సెకనుకు దాదాపు తొమ్మిది మీటర్ల వేగంతో నేలను తాకుతుంది. గడ్డి లేని మట్టిమీద ప్రతి చినుకూ ఒక చిన్న గుంట చేసి రేణువులను పైకి చిమ్ముతుంది. వాలుమీద చిమ్మిన రేణువుల్లో ఎక్కువ కిందివైపే పడతాయి. ఆ తర్వాత నీరు పలుచని పొరగా జారుతూ ఆ రేణువులను తీసుకుపోతుంది. పొర ఎక్కడో ఒకచోట గాడిగా మారుతుంది. మరుసటి వానకు నీరంతా ఆ గాడినే వెతుక్కుంటుంది. నాలుగైదు వానాకాలాలు ఎవరూ పట్టించుకోకపోతే గాడి గండి అవుతుంది. ఎండాకాలం కూడా తన పని చేస్తుంది. రేగడి పాలు ఎక్కువున్న మట్టి నెర్రెలు విచ్చుతుంది, తొలకరి నీరు ఆ నెర్రెల్లోకి దిగి లోపలినుంచి పెళ్లలను విడదీస్తుంది. పందికొక్కుల బొరియలు, కూలిన చెట్టు వేళ్లతోపాటు లేచిపోయే మట్టి, అడ్డదారిన మేకలు ఎక్కి దిగే బాటలు, ఇవన్నీ నీటికి దారి చూపేవే.

సముద్రపు కోతతో పోల్చి చూస్తే ఈ కోత స్వభావం ఇంకా స్పష్టపడుతుంది. తీరంలో కోట పోవడం ఒక్కోసారి ఒక్క రాత్రి పని. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన బందరు కోటనూ పట్టణాన్నీ ముంచెత్తి ముప్పై వేల మందిని పొట్టనబెట్టుకుంది. ఉప్పెన లేని రోజుల్లో కూడా కెరటం గట్టు పాదాన్ని తొలుస్తుంది, పైభాగం విరిగి పడుతుంది, పడిన మట్టిని తీరం వెంబడి సాగే ప్రవాహం మరోచోటికి చేరవేస్తుంది. పోయింది మళ్లీ ఆ చోట దొరకదు. సముద్రానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఓరుగల్లులో అలా జరగలేదు. అక్కడ వాన గోడను ఎత్తుకుపోలేదు, కిందికి దించింది. శిఖరం మీది మట్టి వాలుమీదికి, వాలుమీది మట్టి పాదానికి, పాదం దగ్గరిది కందకంలోకి చేరింది. గోడ ఎంత తగ్గిందో కందకం అంత పూడింది. తవ్వి పోసినవారి శ్రమను వాన ఏడు వందల ఏళ్లలో వెనక్కి తిప్పుతూ వచ్చింది. గోడ పోయిందనడం కన్నా పడుకుందనడం సరైన మాట.

అయితే వాన కాకతీయుల కాలంలోనూ కురిసింది, అదే వాన పాకాల కట్టమీదా రామప్ప కట్టమీదా కురిసింది. ఆ కట్టలు నేటికీ నీళ్లు ఆపుతున్నాయి, మట్టికోట ఎందుకు దిగిపోయింది? మట్టి వేరు కాదు, పనితనం వేరు కాదు. తేడా అంతా ఆ కట్టతో ఎవరికి పని ఉంది అన్న దగ్గరే. చెరువు కట్టకు గండి పడితే ఆ ఏడు పంట ఉండదు. అందుకే కాకతీయుల నాటి నుంచి చెరువు తవ్వించినవారికీ మరమ్మతు చూసేవారికీ దశబంధం పేరుతో భూమినో పంటలో భాగాన్నో కేటాయించే పద్ధతి ఉండేది, తూము చూసే నీరటి ఉండేవాడు, ఊరు ఊరంతా కట్టమీద ఒక కన్నేసి ఉంచేది. మధ్యలో నిర్లక్ష్యం పెరిగినా ఆ అవసరం చావలేదు. 2015లో 46 వేలకు పైగా చెరువుల పూడిక తీయాలని మిషన్ కాకతీయ మొదలైనప్పుడు తవ్వడానికి చెరువులూ బాగుచేయడానికి కట్టలూ ఉన్నాయంటే కారణం అదే.

కోటగోడకు అలాంటి ఊరు లేదు. రాజధాని ఉన్నన్నాళ్లూ దాన్ని ఏటేటా సరిచేయించగలిగింది రాజ్యం ఒక్కటే. 1323 తర్వాత కోట పూర్తిగా పాడుపడిపోలేదు. ముసునూరి కాపయ నాయకుడు దాన్ని తిరిగి గెలిచాడు, రేచర్ల వెలమలు ఏలారు, బహమనీలు పట్టుకున్నారు, షితాబ్ ఖాన్ కొంతకాలం స్వతంత్రంగా ఉన్నాడు, ఆపైన కుతుబ్‌షాహీలు వచ్చారు. వచ్చినవారిలో చాలామందికి రాతికోటా దర్వాజాలూ చాలు. ఒక దండు కాపలా కాయగలిగేది నాలుగు కిలోమీటర్ల లోపలి గోడను. ముప్పై తొమ్మిది కిలోమీటర్ల వెలుపలి కట్టను కాయడానికి ఒక సామ్రాజ్యపు జనబలం కావాలి, అది 1323తోనే చెదిరిపోయింది. పాలన గోల్కొండకూ, 1591 తర్వాత హైదరాబాదుకూ స్థిరపడ్డాక ఓరుగల్లు మట్టిగోడకు తట్టెడు మట్టి పోయించే అవసరం ఎవరికీ లేకపోయింది. కోట చరిత్రలో 1310, 1323 సంవత్సరాలను పెద్దక్షరాలతో రాస్తారు గాని, గోడ ఎత్తును బట్టి చూస్తే తేదీ లేని ఆ మలుపే పెద్దది.

ఉత్తర తెలంగాణకు మట్టికోటలు పోగొట్టుకోవడం ఓరుగల్లుతో మొదలు కాలేదు. ఆంధ్రులకు ప్రాకారాలున్న పట్టణాలు ముప్పై ఉన్నాయని గ్రీకు రాయబారి మెగస్తనీసు చెప్పినట్టుగా భావించే మాటను రోమన్ రచయిత ప్లినీ నమోదు చేశాడు. ఆ ముప్పైలో కొన్నింటిని గోదావరి పక్కన వెతకడం చాలాకాలంగా జరుగుతున్నదే. పెద్దపల్లి జిల్లాలోని ధూళికట్ట వాటిలో ఒకటని పలువురి అభిప్రాయం. అక్కడ శాతవాహనుల కాలపు మట్టికోటా, దాని దగ్గరలో బుద్ధుడికి పడగ పట్టిన ముచలింద నాగశిల్పం ఉన్న బౌద్ధ స్తూపమూ తవ్వకాల్లో బయటపడ్డాయి. స్తూపం రాతిపలకలు మ్యూజియానికి చేరాయి. కోట పొలాల మధ్య మెరకగా మిగిలింది. ధూళికోట అంటేనే మట్టికోట అని పాత మాట, కట్ట అన్నా అదే. ఊరిపేరులో అంత స్పష్టంగా ఉన్న గోడ నేలమీద అంత స్పష్టంగా లేదు.

తీరపు కోట కథకు మరీ దగ్గరగా వచ్చేది కోటిలింగాల. జగిత్యాల జిల్లా వెల్గటూరు మండలంలో, గోదావరి దక్షిణపు ఒడ్డున, పెద్దవాగు వచ్చి కలిసేచోట ఈ ఊరుంది. రెండువైపుల నీరు కాపలా కాసే ఆ మూలను తొలి శాతవాహనులు, వారికన్నా ముందటి స్థానిక రాజులు ఎందుకు ఎంచుకున్నారో చూడగానే తెలుస్తుంది. తవ్వకాల్లో ఇక్కడ మట్టి ప్రాకారం, బురుజుల ఆనవాళ్లు, ఇటుక కట్టడాలు కనిపించాయి. అంతకన్నా పేరు తెచ్చినవి నాణేలు. గోభద, నారన, కంవాయ, సమగోప వంటి శాతవాహన పూర్వ పాలకుల పేర్లున్నవీ, వంశస్థాపకుడు సిముకుడివీ ఇక్కడ దొరికాయి. శాసన పరిశోధకుడు పి.వి. పరబ్రహ్మశాస్త్రి వాటిని లోకానికి పరిచయం చేయడంతో శాతవాహనుల పుట్టుక తెలంగాణలోనే అన్న వాదానికి బలం వచ్చింది.

కాపలాగా ఉంటుందనుకున్న నీరే ఆ కోటను కోసింది. ఏటి ఒడ్డు కోతకు సముద్రపు కోతకన్నా కొంత వేరైన లక్షణం ఉంది. వరద ఉధృతంగా ఉన్నప్పుడు ఒడ్డు అంతగా విరగదు. నిండుగా ఉన్న నీరే దాన్ని పక్కనుంచి ఆనుకుని నిలబెడుతుంది. వరద వేగంగా తీసిన తర్వాత, లోపల నీరు తాగి బరువెక్కిన ఒడ్డుకు బయటి ఆసరా పోతుంది, అప్పుడు పెళ్లలు పెళ్లలుగా ఏట్లో పడుతుంది. పడినప్పుడు కోటమట్టితోపాటు ఆ మట్టి పొరల్లో ఉన్నవన్నీ, కుండపెంకులు, పూసలు, ఇటుకలు, నాణేలు, బయటికి వస్తాయి. కోటిలింగాల నాణేల్లో మొదట పండితుల కంటపడినవి నేలమీద దొరికినవే. కోత వల్లే అవి దొరికాయని సంతోషించవచ్చు. అయితే ఏ పొరలో, దేని కింద, దేనిపైన ఉన్నదో తెలియని నాణెం పేరు చెబుతుంది గాని కాలం చెప్పలేదు. శాతవాహనుల ఆరంభకాలం గురించీ మూలస్థానం గురించీ మహారాష్ట్ర, తెలంగాణ పక్షాల వాదనలు ఇంకా సాగడానికి గల కారణాల్లో ఇది కూడా ఒకటనిపిస్తుంది.

ఇప్పుడు కోటిలింగాల సమస్య మారింది. దిగువన శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు కట్టి సుమారు 20 టీఎంసీల నీరు నిలపడంతో వెనుక జలాలు ఈ ఒడ్డుదాకా వచ్చాయి, చారిత్రక స్థలంలో కొంత భాగం ముంపులో పడింది. నీటి అడుగున ఎప్పుడూ మునిగి ఉండే భాగానికి హాని తక్కువ. పూడిక కప్పేసి దాన్ని కాపాడవచ్చు కూడా. ప్రమాదమంతా అంచు దగ్గర. జలాశయం మట్టం పెరిగిన ప్రతిసారీ తడిసి, తగ్గిన ప్రతిసారీ ఆరి, గాలికి లేచే చిన్న అలలు రోజంతా తాకే ఆ అంచు అచ్చంగా సముద్రతీరంలాగే కోసుకుపోతుంది. ఏటికి వరదలు ఏడాదికి కొద్ది వారాలే. జలాశయపు అలకు సెలవు లేదు. ఆ నీటితో బాగుపడే ఊళ్లున్న మాట నిజం. ముంపుకు ముందు ఇంకాస్త తవ్వి చూసి ఉంటే బాగుండేదన్నదీ అంతే నిజం.

ఓరుగల్లుకు వస్తే, గత వందేళ్లలో వానకు మనుషులు తోడయ్యారు. రాతిగోడ రాయిని మోసుకుపోవడానికి బండి కావాలి, నలుగురు కావాలి. మట్టిగోడ మొరం ఇంటి పునాది నింపడానికైనా, పొలంలో మెరక చేయడానికైనా, దారి వేయడానికైనా వెంటనే పనికొస్తుంది. ఒక్క బాట కోసం గోడను నిలువుగా కోసినా ఆ కోత అక్కడితో ఆగదు. అదిమిన మట్టికి ఏటవాలు ఉన్నంతసేపే బలం, నిలువు ముఖం దొరికిన చోట వాన రెండింతలుగా పనిచేస్తుంది. పూడిన కందకం చదునైన నేలగా కనిపించడంతో పొలంగా, ఆపైన ఇంటి జాగాగా మారడం సహజంగానే జరిగిపోయింది. అందులో ఇల్లు కట్టుకున్న కుటుంబాన్ని తప్పుపట్టి లాభం లేదు. అది కందకమని చెప్పే గుర్తు అక్కడ ఏదీ మిగలలేదు.

మన గౌరవం కూడా రాతివైపే మొగ్గింది. రాష్ట్ర చిహ్నంలో కీర్తితోరణం ఉంది. 2010లో యునెస్కో తాత్కాలిక జాబితాకు వెళ్లిన ప్రతిపాదన పేరులోనే కాకతీయుల ఆలయాలు, తోరణద్వారాలు అని ఉంది. గోడల ప్రస్తావన పేరులో లేదు. 2021లో ప్రపంచ వారసత్వ హోదా దక్కింది రామప్ప గుడికి. అవన్నీ తగినవే. కాని ఓరుగల్లును అప్పట్లో ఎవరైనా గుర్తుపట్టింది ముందుగా దాని వలయాలతోనే. కాఫూర్ మనుషులు హనుమకొండ గుట్టెక్కి చూసింది కూడా ఆ వలయాల మధ్య పరచుకున్న ఊరినీ తోటలనూ.

మట్టిగోడను కాపాడే పద్ధతి రాతిగోడకు వాడేది కాదు. సిమెంటు పూత మట్టికి శత్రువు. లోపల చేరిన తేమ బయటికి రాలేక పూతను పెళ్లలుగా విడదీస్తుంది, దాని వెనుక మట్టి గుల్లవుతుంది. శిఖరం మీద నీరు నిలవకుండా వాలు ఇవ్వడం, దిగే నీటికి ఒక నిర్ణీతమైన దారి చూపించడం, నిలువు కోతలను మళ్లీ ఏటవాలుగా నింపి అదమడం, పెద్ద వేళ్ల చెట్లను మొదలు దాకా కొట్టి వేళ్లను అలాగే వదిలి గరిక, వట్టివేరు లాంటి గడ్డి పెంచడం: చెరువు కట్టల మీద పనిచేసిన ఏ పాత మేస్త్రీని అడిగినా చెప్పే మాటలివి. వెలుపలి వలయానికి ఈ పాటి వైద్యం కూడా ముందుగా కుదరదు, ఎందుకంటే అది ఎక్కడెక్కడ మిగిలిందో తేల్చడమే మొదటి పని. పైనుంచి తీసిన ఉపగ్రహ చిత్రాల్లో లోపలి రెండు వలయాలూ ఇప్పటికీ స్పష్టంగా గుండ్రంగా కనిపిస్తాయి. మూడోదాన్ని మాత్రం కారణం తెలియకుండా వంగిన పొలం గట్టులో, వరుసగా ఒకే వంపున సాగే చిన్న మెరకల్లో, తిన్నగా పోవలసినచోట పక్కకు తిరిగిన బండ్లబాటలో ఒక్కొక్క ముక్కగా వెతుక్కోవాలి. ఇళ్ల వెంచర్ల కోసం చదును చేసే యంత్రం ఒక పూటలో తీసేసే ఎత్తే వాటిది.